సమస్య: బంతిఁ బట్టినంతనె సిక్సు వచ్చెఁ గాదె

నిర్వాహకుడు, హన్మకొండ: రాత్రి భారత్-ఇంగ్లండ్ ఓవల్ టెస్టు మళ్లీ చూస్తుంటే ఈ పాదం నోట్లోకి వచ్చేసింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. క్రికెట్టే కావాలని లేదు, ఏ ఆటైనా సరే. కానివ్వండి.

జనగామ:
మన సిరాజు హద్దున పాద మానె, బ్రూకు
బ్రతికిపోయె నూటికిపైగ పరుగు లిడుచు
కోట్ల గుండెలు కొట్టుకోఁ గుబులు ముసిరె
బంతిఁ బట్టినంతనె సిక్సు వచ్చెఁ గాదె

2025 ఆగస్టు 3. బ్రూక్ 19 మీద ఉన్నాడు. ప్రసిద్ధ్ బంతి. పట్టింది మన హైదరాబాదు పిల్లగాడే, గీత తొక్కిందీ వాడే, క్యాచ్ కాస్తా సిక్సైంది. బ్రూక్ 111 కొట్టాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

కాజీపేట: భావం బాగుందన్నా. కానీ యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరడం కదా, ‘పాదము + ఆనె’ దగ్గర అది అచ్చుకు చెల్లుతుంది, ‘మ’కు ఎట్లా చెల్లుతుంది? పోతన బమ్మెర మీ పక్కనే ఉంది. మీ నుంచి ఇది అనుకోలేదు.

జనగామ: తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ తమ్మీ, 2024 టీ20 కప్పు ఫైనల్ మీద నువ్వు రాసిన పద్యంలో ‘సూర్యకూమారు’ అని ఉంది. మిల్లర్ కొట్టిన బంతిని పట్టి, పైకి విసిరి, గీత దాటి, మళ్లీ లోపలికొచ్చి పట్టినవాడి పేరును గణం కోసం, అక్షరాల లెక్క కుదరాలని సాగదీస్తావా? అది నేను మర్చిపోలేదు.

నిర్వాహకుడు: పాత పద్యం పాత చర్చలోనే ఉండనివ్వండి. జనగామ గారూ, ‘మన సిరాజు హద్దును దొక్కె మఱచి, బ్రూకు’ అంటే యతి సరిపోతుంది, జరిగింది కూడా అదే.

కాజీపేట:
నల్ల చొక్కాల వారల నడుమ దూరి
కోలిసీ యాపెఁ బరుగును గుద్ది యపుడె
వీపుపై నారు సంఖ్యతో వెంటఁబడుచు
బంతిఁ బట్టినంతనె సిక్సు వచ్చెఁ గాదె

మడికొండ: అబ్బ! సిక్సు అంటే ఆరో నంబరు చొక్కా! బంతి పట్టింది న్యూజిలాండ్ వాడు, వచ్చి మీద పడింది దక్షిణాఫ్రికా కెప్టెన్ కోలిసీ. రగ్బీ ఓనమాలు తెలియని నాకే ఒళ్లు పులకరించింది.

జనగామ: విరుపు గొప్పదే. కానీ 2023 రగ్బీ ప్రపంచకప్ ఫైనల్లో ఆ ఆరో నంబరే పసుపు కార్డు తిని పది నిమిషాలు బయట కూర్చున్నాడు. అది పద్యంలో లేదేం?

కాజీపేట: నాలుగు పాదాల్లో ఎన్ని పడతాయన్నా? అవతల న్యూజిలాండ్ కెప్టెన్ కేన్‌కు ఏకంగా ఎర్ర కార్డు. పధ్నాలుగు మందితో ఆడి కూడా 11 పాయింట్ల దాకా వచ్చారు, దక్షిణాఫ్రికాకు పోలార్డ్ ఒక్కడే నాలుగు కిక్కులతో 12 చేశాడు. క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ మీద 29-28, సెమీస్‌లో ఇంగ్లండ్ మీద 16-15, ఫైనల్ 12-11. మూడుసార్లూ ఒక్క పాయింటే! దీన్ని అదృష్టం అనేవాళ్లతో నేను మాట్లాడను. ఒక్క పాయింటును చివరిదాకా కాపాడటం కన్నా కష్టమైన పని ఆటల్లో లేదు.

పరకాల: ఆలస్యమైంది, మన్నించండి. ఆగస్టు 4న నేను సుబేదారిలో చాయ్ కొట్టు దగ్గర ఉన్నా. మూడున్నరకు ఆట మొదలు. ఇంగ్లండ్ ఆట్కిన్సన్ లేపిన బంతి ఆకాశ్‌దీప్ చేతులకు తగిలి గీత అవతల పడింది, మళ్లీ సిక్సు. చాయ్ పోసేటాయన గిన్నె వంచి పట్టుకుని అట్లనే టీవీ వైపు చూస్తూ ఉండిపోయాడు. గ్లాసు నిండి బల్ల మీద పారుతున్నా ఎవరూ చెప్పలేదు.

ముప్పదైదె మిగిలె నంచు మురియువారి
సంబరముఁ గూల్చె యార్కరు సంధియించి
నిన్న చేసిన తప్పును నేఁడు దిద్ద
బంతిఁ బట్టినంతనె సిక్సు వచ్చెఁ గాదె

నిర్వాహకుడు: ఆరు పరుగుల గెలుపు! నాకు తట్టనే లేదు. బంతి పట్టడమంటే సిరాజు బౌలింగుకు పట్టడం. క్యాచ్ అందరికీ కనిపించింది, ఈ పట్టు ఒక్క పరకాలకే కనిపించింది.

జనగామ: నా పద్యం రాత్రి దగ్గర ఆగిపోయింది, మీది తెల్లారి దాకా వెళ్లింది. ‘నిన్న-నేఁడు’ యతి పాదానికే వన్నె తెచ్చింది. 374 కొట్టాల్సిన ఇంగ్లండ్‌ను 367 దగ్గర ఆపినవాడికి తగిన పద్యం ఇది.

కాజీపేట: నాదీ అదే మాట. జనగామ అన్నా, ‘సూర్యకూమారు’ పాదం ఇవాళ కూర్చుని మారుస్తా. మీరే చూడాలి.

జనగామ: పంపు తమ్మీ. యతి కూడా చూసుకుని పంపు.