అప్‌డేట్: స్వతంత్ర అభ్యర్థి తరఫున పనిచేశాను

వరుసగా గెలుస్తూ వస్తున్న శాసనసభ్యుడిపై పోటీకి దిగిన మా ఊరి విశ్రాంత ఉపాధ్యాయుడికి పనిచేయవచ్చా అని 2024 ఎన్నికలకు ముందు మిమ్మల్ని అడిగాను. చేశాను, ఆయన ఓడిపోయారు.

స్వతంత్రులకు నామినేషన్ పత్రంపై నియోజకవర్గ ఓటర్లు 10 మంది ప్రతిపాదకులుగా సంతకం చేయాలి. అన్నిటికంటే కష్టమైనది అదే. మా ప్రకాశం జిల్లా పల్లెల్లో పొగాకు బ్యారన్ (ఆకును ఆరబెట్టే కొట్టం) దగ్గర మాటిచ్చినవారు, ఇంటికి చేరేసరికి బంధుత్వాలు గుర్తొచ్చి వెనక్కి తగ్గారు (మా బావగారు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు). చందాలతో కట్టిన 10,000 రూపాయల డిపాజిట్, చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోవడంతో పోయింది.

మే 13న ఆయన పోలింగ్ ఏజెంటుగా బూత్‌లో కూర్చుని, పోలింగ్ ముగిశాక ఫారం 17సి (ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్క) నకలు తీసుకున్నాను. ఓడినవారు కూడా ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా ఖర్చుల లెక్క అప్పగించాలి గనుక, ఆ పుస్తకమూ నేనే రాశాను.