మా పరిధిలో ఆడపిల్లల పుట్టుక నిజంగా తగ్గిందా? ఎలా తేల్చాలి?

నాగావళి_గట్టు:
చీపురుపల్లి వైపు ఒక సచివాలయం లెక్కలివి. ఏడాదిలో 40 కాన్పులు, మగపిల్లలు 24, ఆడపిల్లలు 16. పైవాళ్లేమో "విజయనగరంలో వెయ్యి మంది మగవాళ్లకి 1019 మంది ఆడవాళ్లున్నారు, మనకా బెంగ లేదు" అంటున్నారు. ఏది నమ్మాలండీ?

లెక్కల_పుస్తకం:
రెండూ నమ్మకండి. 1019 అన్నది 2011 జనగణనలో అన్ని వయసులవాళ్లనీ కలిపిన అంకె. శ్రీకాకుళానిది 1015. మన మగవాళ్లు హైదరాబాద్, చెన్నై పనులకి వలసపోతారు, ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు. ఆ అంకె అలా పెరుగుతుంది. పుట్టకముందు ఏం జరిగిందో అందులో కనపడదు.

సహజంగానే 100 మంది ఆడపిల్లలకి 105 మంది దాకా మగపిల్లలు పుడతారు. 40 కాన్పుల్లో 24, 16 రావడం కాకతాళీయంగానూ జరిగేదే. మండలం మొత్తం, కనీసం ఐదేళ్ల పుట్టుకలు కలపండి. తర్వాత మొదట ఆడపిల్ల ఉన్న ఇళ్లలో మలిచూలు ఎవరో, మొదట మగపిల్లాడున్న ఇళ్లలో ఎవరో విడివిడిగా రాయండి. "ఇదీ ఆడగుంటేనా" అన్న మాట వినపడేది మొదటి రకం ఇళ్లలోనే. స్కాన్‌లో ఆడో మగో చెప్పించుకుంటున్నారంటే తేడా అక్కడ కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

ఏఎన్‌సీ_రిజిస్టర్:
ఇంకొకటి. 12 వారాల్లోపు ఆర్‌సీహెచ్‌లో (గర్భిణుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్) నమోదై, కాన్పు నమోదు కానివాళ్ల జాబితా తీయండి. ముందుగా పుట్టింట్లో కన్నవాళ్లని ఫోన్ చేసి తీసెయ్యాలి, లేకపోతే జాబితా అంతా వాళ్లే ఉంటారు. మిగిలినవాళ్లలో 14 నుంచి 22 వారాల మధ్య ఆగిన గర్భాలు చూడండి. స్కాన్‌లో ఆడా మగా తెలిసేది అప్పుడే. ఎనిమిదో వారంలో పోయినవాటిలో చాలా వరకు మామూలు గర్భస్రావాలే.

దయచేసి ఆ జాబితా పట్టుకుని ఇళ్లకి వెళ్లి అందులో ఉన్నామెని నిలదీయకండి. చట్టం చెప్పిన హద్దుల్లో డాక్టరు చేసే గర్భస్రావం నేరం కాదు. గర్భస్రావ చట్టానికి (ఎంటీపీ) 2021లో చేసిన సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు, కొన్ని వర్గాలవారికి 24 దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చేయించుకోవచ్చు. బెదిరిస్తే ఈసారి నమోదుకే రాదు, మెడికల్ షాపులో గర్భస్రావం మాత్రల కిట్టు కొనుక్కుంటుంది. అది 9 వారాల్లోపు, డాక్టరు చూస్తుండగా వాడాల్సింది. ఐదో నెలలో మింగితే మాయ ముక్కలు లోపలుండిపోయి రక్తం ఆగకపోవచ్చు.

నాగావళి_గట్టు:
మరి స్కాన్ సెంటర్లో ఏం చూడాలి?

ఫారం_ఎఫ్:
రికార్డులు తెరిపించే అధికారం లింగ నిర్ధారణ నిషేధ చట్టం (పీసీపీఎన్‌డీటీ) కింద పెట్టిన జిల్లా సముచిత అధికారిదే, మీది కాదు. బయటనుంచి చూడగలిగినవి రెండు: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకుందా, లింగం చెప్పబడదన్న తెలుగు బోర్డు ఉందా.

తనిఖీలో అసలు పట్టిచ్చేది ఫారం ఎఫ్. ప్రతి గర్భిణికీ ఒకటి నింపాలి: బతికున్న పిల్లలెందరు, ఆడో మగో, ఎవరు పంపారు, ఎందుకు స్కాన్, డాక్టరు సంతకం, ఆమె సంతకం. నెల నివేదిక తర్వాతి నెల 5వ తేదీకల్లా వెళ్లాలి, కాగితాలు రెండేళ్లు దాచాలి. ఖాళీలున్నా చట్టం ఉల్లంఘనగానే చూస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది సెంటరే. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్నే నిలబెట్టింది.

ఫిర్యాదు సముచిత అధికారి పేరున రాతపూర్వకంగా డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. కోర్టుకి వెళ్తానని కూడా అందులోనే రాయండి. 15 రోజుల్లో కదలిక లేకపోతే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గరికి నేరుగా మీరే వెళ్లొచ్చు. స్కాన్ పర్లాకిమిడిలో జరిగుంటే మాత్రం ఫిర్యాదు ఒడిశా గజపతి జిల్లా అధికారికి వెళ్లాలి. ఇక స్కాన్ చేయించుకున్నామె విషయానికొస్తే, కాదని రుజువయ్యేదాకా భర్తో, మరో బంధువో బలవంతపెట్టారనే చట్టం అనుకుంటుంది. ఫిర్యాదులో ఆమెని నిందితురాలిగా రాయకండి.