చర్చ: మార్ష్‌మెలో పరీక్షతో పిల్లల భవిష్యత్తు తెలిసిపోతుందా?

బుజ్జిగాడి నాన్న:
మా వాడికి నాలుగున్నరేళ్లు. ఎల్‌కేజీలో చేర్చడానికి ఒక ప్రైవేటు బడికి తీసుకెళ్లాం. అక్కడి మేడమ్ వాడి ముందు చాక్లెట్ పెట్టి, "నేను తిరిగొచ్చేదాకా తినకపోతే ఇంకోటి ఇస్తాను" అని బయటికెళ్లారట. ఆవిడ గుమ్మం దాటేలోపే వీడు కాగితం విప్పేశాడు. రిపోర్టులో "నిగ్రహం తక్కువ" అని రాసిచ్చారు. ఇది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో రుజువైన మార్ష్‌మెలో (మెత్తటి తీపి మిఠాయి) పరీక్ష అనీ, ఇలాంటి పిల్లలు చదువులో వెనకబడతారనీ చెప్పారు. నిజమేనా? ఇంట్లో ఒకటే టెన్షన్.

సైకాలజీ పీజీ:
పరీక్ష నిజమే. సైకాలజిస్టు వాల్టర్ మిషెల్ బృందం 1960ల చివరి నుంచి కొన్నేళ్లపాటు స్టాన్‌ఫర్డ్‌లోని బింగ్ నర్సరీ బడిలో చేసింది. బల్లమీద మోగించే గంట ఒకటి ఉండేది. ఆగలేకపోతే పిల్లలు గంట కొట్టొచ్చు, పరీక్ష పెట్టిన మనిషి వెంటనే వచ్చేస్తాడు, కానీ చిన్న బహుమతే దక్కుతుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక వివరాలు సేకరించి 1990లో ప్రచురించారు. ఎక్కువసేపు ఆగినవాళ్లకు శాట్‌లో, అంటే అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్షలో, ఎక్కువ మార్కులు వచ్చాయట. మోటివేషన్ వీడియోల్లో ఊదరగొట్టేది ఈ ముక్కే.

లెక్కల మాస్టారు:
వాళ్లు చెప్పని ముక్క నేను చెబుతాను. ఆ పరీక్షల్లో పాల్గొన్న పిల్లలు 600 మందికి పైనే. కానీ ఆ గొప్ప సంబంధం కనిపించింది, మిఠాయి కళ్లెదుటే ఉంచి, ఎలా ఆగాలో ఏమీ చెప్పకుండా వదిలేసిన గుంపులో. అందులో శాట్ మార్కులు దొరికింది 35 మందివి. ముప్పై అయిదు! అదీ యూనివర్సిటీ ఆవరణలోని బడి పిల్లలు. ఇంత చిన్న నమూనాలో సంఖ్య ఎటైనా ఊగుతుంది. ఎక్కువ మందిని తీసుకుంటే ఈ సంబంధం తగ్గొచ్చని ఆ పేపరు రాసినవాళ్లే హెచ్చరించారు.

తగ్గింది కూడా. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ కలిసి 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూశారు. నాలుగున్నరేళ్లప్పుడు ఎంతసేపు ఆగారన్నదానికీ 15 ఏళ్లప్పటి చదువుకూ సంబంధం ఉంది, కానీ పాతదాంట్లో సగమే. ఇంటి పరిస్థితి, కుటుంబ నేపథ్యం, పిల్లల అప్పటి తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండొంతులు పోయింది.

నిక్కచ్చి:
సంబరపడకండి మాస్టారూ. చదువులో కనిపించిన తేడా ఎక్కువగా కనీసం 20 సెకన్లు ఆగినవాళ్లకూ, అదీ ఆగనివాళ్లకూ మధ్యేనని అదే పేపర్లో ఉంది. బుజ్జిగాడు ఆ గీతకు ఇవతలే ఉన్నాడు మరి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్లతరబడి గమనిస్తూ వచ్చారు. చిన్నప్పుడు నిగ్రహం తక్కువున్నవాళ్లకు 32 ఏళ్లకు ఆరోగ్యం, డబ్బు, పోలీసు కేసులు అన్నింట్లోనూ ఇబ్బందులే ఎక్కువ. తెలివి, కుటుంబ స్థాయి ప్రభావం తీసేసి చూసినా అంతే. 2011లో వచ్చిన ఫలితం ఇది.

సైకాలజీ పీజీ:
డునెడిన్ మాటెత్తి మీ కేసు మీరే పాడుచేసుకున్నారు. అక్కడ నిగ్రహాన్ని ఒక మిఠాయితో కొలవలేదు. 3 ఏళ్ల నుంచి 11 ఏళ్ల దాకా పరిశీలకులు, తల్లిదండ్రులు, టీచర్లు చెప్పినవీ, పెద్దయ్యేకొద్దీ పిల్లలు సొంతంగా చెప్పినవీ కలిపి చూశారు. నిగ్రహం ముఖ్యమని నేనూ అంటాను. ఒక గదిలో, ఒక్కసారి, పది నిమిషాల్లో దాన్ని తేల్చేస్తామంటేనే ఒప్పుకోను.

మాస్టారితోనూ ఒక పేచీ ఉంది. తెలివితేటల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేయడం సబబా? నాలుగేళ్ల పిల్లలు తెలివి పరీక్షకు కుదురుగా కూర్చోవాలన్నా నిగ్రహం కావాలి. తెలివిని తీసేస్తే, దాంతోపాటు మనం వెతుకుతున్నదీ కొంత పోతుంది.

లెక్కల మాస్టారు:
ఆ మాట సగం ఒప్పుకుంటాను. కానీ తల్లి చదువుకూ ఇంటి పరిస్థితికీ అది వర్తించదు.

అంగన్‌వాడీ టీచర్:
మా కేంద్రంలో మధ్యాహ్నం గుడ్డు పెడతాం. ఒక పాప అన్నం ముట్టకముందే గుడ్డు నోట్లో కుక్కేసుకుంటుంది. పక్కనే ఒక బాబు తెల్లసొన తిని, పచ్చసొనను పళ్లెం అంచున దాచుకుని ఆఖర్న తింటాడు. పాపకు ఇంట్లో ముగ్గురు అన్నలు. అక్కడ ఆగితే ఏమీ మిగలదు. ఆ పిల్లకు నిగ్రహం లేదందామా? నాన్నగారూ, ఆ మేడమ్‌ను మీ వాడు అంతకుముందు ఎప్పుడైనా చూశాడా?

బుజ్జిగాడి నాన్న:
లేదండీ. ఆ గదిలోనే మొదటిసారి.

సైకాలజీ పీజీ:
టీచర్ గారు అన్నదాని మీదే సెలెస్ట్ కిడ్, రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రయోగం చేసింది. 2013లో అచ్చయింది. ముందు పిల్లలకు వాడేసిన క్రేయాన్లు ఇచ్చి, "ఆగితే మంచివి తెస్తాను" అని చెప్పారు. సగంమందికి నిజంగానే తెచ్చారు. మిగతావాళ్లకు "సారీ, లేవు" అన్నారు. స్టిక్కర్లతోనూ అదే తంతు. తర్వాత మార్ష్‌మెలో పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలే. ముక్కూమొహం తెలియని మేడమ్ మాట మీద మీ వాడు ఎందుకు ఆగాలి?

నిక్కచ్చి:
ఆ ప్రయోగంలో ఉన్నది 28 మంది పిల్లలు. 35 చాలదన్నవాళ్లు 28 దగ్గర ఎందుకు నోరు మెదపరు?

లెక్కల మాస్టారు:
మెదుపుతాను. 28 నాకూ చాలదు, పెద్ద ఎత్తున మళ్లీ చేయాలి. అయినా రెండూ ఒకటి కాదు. అక్కడ ఎవరు ఏ గుంపులో పడాలో చీటీ తీసినట్టు పంచారు, కాబట్టి తేడాకు కారణం ఇంటి పరిస్థితి అనే వీలు తక్కువ. 1990 లెక్కలో ఆ పంపకం లేదు, ఆగినవాళ్లు మొదటి నుంచీ వేరే రకం ఇళ్ల పిల్లలై ఉండొచ్చు. ఇంకోటి. మిఠాయి కనిపించకుండా చేస్తే అదే వయసు పిల్లలు చాలా ఎక్కువసేపు ఆగారని మిషెలే 1970లో చూపించాడు. మిఠాయి కళ్లెదుట ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారిపోయేది పిల్లల స్వభావం ఎలా అవుతుంది? నాన్నగారూ, ఎన్ని నిమిషాలు పెట్టారు, వాడు ఏమైనా తిని వెళ్లాడా, రెండోసారి చేసి చూశారా అని ఆ బడివాళ్లను రాతపూర్వకంగా అడగండి.

నిక్కచ్చి:
అడగండి. ఆ బడిలో సీటు వద్దనుకుంటేనే.