వేడి ద్రావణాన్ని వెంటనే ఐస్‌లో పెట్టొచ్చా?

శ్రీకాకుళం బీఎస్సీ:
ప్రాక్టికల్స్‌లో 5 గ్రాముల మురికి బెంజోయిక్ ఆసిడ్ ఇచ్చి, స్ఫటికాలుగా శుద్ధి చేయమన్నారు. 100 మి.లీ. మరిగే నీళ్లలో కరిగించి, రంగు పోవడానికి చిటికెడు చార్‌కోల్ (బొగ్గు పొడి) వేసి, వేడిగా వడపోసి, బీకరును వెంటనే ఐస్‌లో దించాను. 4.4 గ్రాములు వచ్చింది గానీ 117 డిగ్రీల దగ్గరే కరగడం మొదలైంది. పక్క బెంచీ అమ్మాయి బీకరును టేబుల్ మీదే వదిలేసింది. ఆమెకొచ్చింది 4 గ్రాములే, కానీ 121–122 దగ్గర కరిగింది. మార్కులు నాకే కోశారు. ఎక్కువ తెచ్చింది నేను కదా, ఇదేం న్యాయం?

పైడిభీమవరం షిఫ్ట్ కెమిస్ట్:
న్యాయమే తమ్ముడూ. శుద్ధమైన బెంజోయిక్ ఆసిడ్ 122 దగ్గర కరుగుతుంది, మలినం ఉంటే అంతకంటే ముందే కరుగుతుంది. ఇంట్లో నెయ్యి చూడు, నిదానంగా చల్లారితేనే పూస కడుతుంది. స్ఫటికమూ అంతే. మెల్లగా పెరిగితే తన జాతి అణువులనే పేర్చుకుంటుంది, మలినం నీళ్లలో ఉండిపోతుంది. గబుక్కున చల్లారిస్తే ఆ మురికి నీళ్లే గింజల మధ్య ఇరుక్కుంటాయి. ఒక నైట్ షిఫ్ట్‌లో నేనూ తొందరపడి రియాక్టర్ జాకెట్‌లోకి (రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగులోకి) చల్లనీళ్లు వదిలేశాను. మెటీరియల్ సన్న పొడిగా పడి సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి వడకట్టే యంత్రం) బట్టకు పట్టేసింది. తెల్లారినా మదర్ లిక్కర్ (స్ఫటికాలు పోగా మిగిలే ద్రావణం) దిగలేదు. అప్పట్నుంచి సీడ్ (అదే పదార్థపు చిన్న స్ఫటికాలు) వేసి, గంటకి కొన్ని డిగ్రీల చొప్పునే దించుతాను.

విజయనగరం ల్యాబ్ మాస్టారు:
తప్పంతా ఐస్ మీదకి తోసేయకండి. బాబూ, పొడి ఆరాకే తూచావా? తడి ఉంటే బరువు పెరుగుతుంది, కరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ఐస్ కూడా కావాలి. 25 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీళ్లలో దాదాపు 0.34 గ్రాము కరిగే ఉంటుంది, అందులో కొంతైనా రాబట్టేది ఐసే. గది వేడికి దిగేదాకా కదపకు, ఆ తర్వాత పెట్టు. పెద్ద స్ఫటికాలన్నీ శుభ్రమనీ అనుకోవద్దు, వాటి లోపలా ద్రావణం చిక్కుకుంటుంది.

శ్రీకాకుళం బీఎస్సీ:
ఆ పొడిని వాచ్‌గ్లాస్ మీద రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ తూచాను మాస్టారూ. 4.1కి దిగింది. ఇప్పుడు 119 దగ్గర కరుగుతోంది.

పైడిభీమవరం షిఫ్ట్ కెమిస్ట్:
0.3 గ్రాము నీళ్లే అన్నమాట. తడి సంగతి నేను అడగాల్సింది, మాస్టారు చెప్పింది నిజం. కానీ 122కి ఇంకా మూడు డిగ్రీలు తక్కువే. అది ఐస్ వల్లే అంటాను.

విజయనగరం ల్యాబ్ మాస్టారు:
వడపోశాక చల్లనీళ్లతో కడిగావా?

శ్రీకాకుళం బీఎస్సీ:
లేదండీ, కరిగిపోతుందని భయపడ్డాను.

విజయనగరం ల్యాబ్ మాస్టారు:
ఐస్ నీళ్లు రెండు మూడు మి.లీ. చాలు, పోయేది చాలా కొద్ది. సన్న గింజలకి పైతలం ఎక్కువ, మురికి అక్కడే అంటుకుంటుంది.

పైడిభీమవరం షిఫ్ట్ కెమిస్ట్:
పైది పోతుంది మాస్టారూ, గింజ లోపల ఇరుక్కున్నది ఎంత కడిగినా పోదు. తమ్ముడూ, ఆ 4.1నే మళ్లీ కరిగించు. నీళ్లు 20 మి.లీ. ఎక్కువ పొయ్యి, గరాటు వేడి చేసుకో, లేకపోతే కాడలోనే గడ్డకడుతుంది. ఈసారి టేబుల్ మీదే చల్లారనిచ్చి, ఎంత దగ్గర కరిగిందో ఇక్కడే రాయి.