‘దేవదాసు’ని తెరకెక్కిస్తే కాలాన్ని ఎంతవరకు పట్టుకోవాలి?

బెజవాడ పాఠకుడు: బెంగాలీ రచయిత శరత్ నవల ‘దేవదాసు’ 1917లో అచ్చయింది. 1953 తెలుగు సినిమా, హిందీలో 1955లో బిమల్ రాయ్‌ది, 2002లో భన్సాలీది చూసినవాళ్ళని అడుగుతున్నా. కాలానికి కట్టుబడటమంటే ఏంటి? నా లెక్కలో బట్టలు, దీపాలు, బండ్లు తేడాగా ఉంటే మిగతాదేదీ నమ్మబుద్ధి కాదు.

శరత్ అభిమాని: బట్టల సంగతి తర్వాత. ముందు పెళ్ళి ఎందుకు ఆగిందో చూడండి. నవల్లో దేవదాసు వాళ్ళు జమీందార్లు. పార్వతి వాళ్ళు పక్కింటివాళ్ళు, పైగా ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్ళి చేసే వంశం. సంబంధం చెడింది అక్కడే. 2002 సినిమాలో పార్వతి ఉండేది రంగుటద్దాల మేడలో. అది చూశాక ‘మన అంతస్తు కాదు’ అన్న మాట ఎవరి చెవికెక్కుతుంది? అందుకే తల్లి వైపు వాళ్ళది ఆడిపాడే వంశమని ఎత్తిచూపి, నిండు పేరంటంలో ఆవిడకి అవమానం జరిపించాల్సి వచ్చింది. ఒక సెట్టు తప్పితే కథలో ఇంత అతుకు పడింది.

రీలు పెట్టె: మీరన్న లెక్కన ఏ సినిమా నిలబడదండీ. నవల్లో పెళ్ళి మాటలు నడిచేనాటికి పార్వతికి పదమూడేళ్ళు. 1953లో పార్వతిగా వేసిన సావిత్రి గారిని పదమూడేళ్ళ పిల్లగా చూపిస్తారా? ఇక భన్సాలీ ఊరికే అల్లేయలేదు. దుర్గ విగ్రహానికి వేశ్య వాకిట్లో మట్టి తేవడం నిజంగా బెంగాలీ ఆచారమే. పార్వతి, వేశ్య చంద్రముఖి కలవడానికి దాన్నే దారి చేసుకున్నాడు.

శరత్ అభిమాని: వయసు మార్చడం తప్పు కాదు. బాల్యవివాహాల్ని ఆపడానికి తెచ్చిన 1929 శారదా చట్టంతో అప్పట్లో ఆడపిల్ల పెళ్ళికి కనీసం 14 ఏళ్ళుండాల్సి వచ్చింది కూడా. కానీ నవల్లో పెద్దవాళ్ళ తొందరకి ఆ వయసే కారణం. దాన్ని తీసేస్తే తొందరకి ఇంకో కారణం చూపాలి. పార్వతి తండ్రి నీలకంఠం పౌరుషం నవల్లోనే ఉంది, దేవదాసు వాళ్ళు కాదన్న కోపంతో అంతకంటే పెద్ద సంబంధం తెస్తాడు. ఆ పౌరుషాన్ని గట్టిగా చూపిస్తే వయసు మార్చినా కథ కుంటుపడదు.

మట్టి ఆచారం నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ కాలంలో జమీందారు భార్య అయిన పార్వతి అంతఃపురం దాటి తనే వేశ్య ఇంటికి వెళ్ళడం? నవల్లో ఆ ఇద్దరూ ఒక్కసారీ ఎదురుపడరు. పార్వతి గురించి దేవదాసు చెబితే చంద్రముఖి వింటుందంతే. అలా వినడంలో ఉన్న బాధ 2002 సినిమాలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన నాట్యంలో రాదు.

తెర వెనుక: పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్తాను. స్క్రీన్‌ప్లే మొదలెట్టకముందే కాగితాన్ని రెండుగా గీసి, ఎడమ పక్క సంఘటన, కుడి పక్క దానికి ఆ కాలంలో ఉన్న కారణం రాయండి. ఉదాహరణకి, పార్వతి రాత్రి ఒంటరిగా దేవదాసు గదికి రావడం. కుడి పక్క: పట్టుబడితే పరువు పోయేది ఆమెకే, తెల్లారితే ఇంకో సంబంధం కుదరదు. ఆ భయం ముందు సీన్లలో నాటకపోతే గదిలో ఎన్ని లాంతర్లు పెట్టినా లాభం లేదు. కుడి పక్క ఖాళీగా మిగిలిందాన్ని ధైర్యంగా మార్చేయొచ్చు. కారణం ఉన్నదాన్ని తీస్తే మాత్రం దాని బదులు ఇంకోటి పెట్టి తీరాలి.

1953 సినిమా కథని తెలుగు జమీందారీకి తెచ్చినా నిలబడటానికి కారణం ఇదే. జమీందారీల్ని తీసేసిన మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది 1948లో, అప్పటి ప్రేక్షకులకి జమీందారు అంటే ఎవరో విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు తీస్తే జమీందారు కచేరీ (ఆఫీసు), శిస్తు వసూలు, గుమాస్తా చూపించాలి. లేకపోతే దేవదాసు తండ్రి మాట శాసనమెలా అయిందో ఈ తరానికి అర్థం కాదు.

బెజవాడ పాఠకుడు: మరి 2009 హిందీ సినిమా ‘దేవ్ డి’? కాలాన్ని పూర్తిగా వదిలేసింది కదా.

తెర వెనుక: వదిలేసి, కారణాల్నీ మార్చింది. అక్కడ విడగొట్టింది అంతస్తు కాదు, పార్వతి మీద పుకారు విని దేవ్ పెంచుకున్న అనుమానం. చివర్లో అతను చావడు కూడా. ఆ సినిమాతో నాకు పేచీ లేదు. పాత కాలపు బట్టలు తొడిగి, లోపల ఆ కాలపు కట్టుబాట్లు తీసేసిన సినిమాతోనే నా పేచీ.

రీలు పెట్టె: ఆ కాగితం పద్ధతి బాగుంది, దాంతోనే ముగింపు చూద్దాం. 1955లోనూ 2002లోనూ అత్తింటి గుమ్మం ముందు చనిపోతున్న దేవదాసు కోసం పార్వతి పరుగెత్తుకొస్తుంటే తలుపులు మూసేస్తారు. నవల్లో ఆమెకి తెలిసేసరికి శవాన్ని తీసుకెళ్ళిపోయారు, బ్రాహ్మణుడి శవమైనా ఊళ్ళో ఎవరూ ముట్టుకోలేదు. ఆ తలుపు తీసేస్తే జనం ఏడుస్తారా?

శరత్ అభిమాని: ఏడుస్తారు, ఆ శవాన్ని ఎవరూ ముట్టుకోని సీను పూర్తిగా తీస్తే. ఇప్పటిదాకా దాన్ని తప్పించుకోవడానికే తలుపు వాడుకున్నారు.