ఈ వారం సమస్య: పిల్లి కాపలాయెఁ బిల్లలకును

నిర్వహణ (హన్మకొండ):
వానలకు మా ఇంటి వెనక పెరడు మనిషి ఎత్తు పెరిగింది. గునుగు, ఉత్తరేణి, వయ్యారిభామ, మూలన ఒక సర్కారు తుమ్మ. గునుగు ఉంది కాబట్టి బతుకమ్మ పండుగ దాకా కొడవలి పెట్టొద్దని ఇంట్లో ఆర్డర్. ఆ గడ్డిలోనే నాలుగు పెట్టలు, ఒక పుంజు. నిన్న సాయంత్రం చూస్తే పక్కింటి పిల్లి గోడ మీద కూర్చుని, కింద మేస్తున్న కోడిపిల్లలను రెప్ప వేయకుండా చూస్తోంది. కాపలా కాస్తున్నట్టే ఉంది! సమస్య అక్కడే దొరికింది.

ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. ఒక హెచ్చరిక: మూడో పాదం ద్రుతంతో, అంటే చివర ‘న్’ దాగున్న మాటతో, ముగిస్తే ‘పిల్లి’ కాస్తా ‘బిల్లి’ అవుతుంది, జాగ్రత్త. ఎప్పటిలాగే పేర్లు వద్దు, ఊరి పేరు చాలు.

జనగామ:
కోడి గంపలోనఁ గూనల నీనెను
పొదుగు పెట్ట యలిగి పొదకు నేగె
పాలు గుడిపి నాకి పక్కలోఁ బెట్టుక
పిల్లి కాపలాయెఁ బిల్లలకును

నిర్వహణ:
మొదటి పూరణ కాబట్టి సులువు దారి పట్టారు. పిల్లలంటే పిల్లి పిల్లలే అన్నారు, చిక్కు విడిపోయింది. యతులు సరిగ్గా పడ్డాయి. ‘కో’కు ‘గూ’ చెల్లుతుంది, ఓ–ఊ మైత్రి. రెండో పాదం నాకు బాగా నచ్చింది. పొదుగు మీదున్న పెట్టను కదిలిస్తే ఎంత అలుగుతుందో కోళ్లు పెంచినవాళ్లకు తెలుసు.

నర్సంపేట:
బాగుంది సార్. మరి గంపలో గుడ్ల సంగతి? పెట్ట పొదకు పోతే అవి చల్లబడిపోవూ?

జనగామ:
పద్యంలో చోటు చాలలేదక్కా. ఆమ్లెట్ వేసుకున్నామనుకోండి.

కాజీపేట:
సార్, ఆఫీసు బ్రేక్‌లో రాశాను.

రాత్రి వేళ వచ్చు ముంగిస గూటికి
తోక గుబురు జేసి దూకె నపుడు
పగను దీర్చుకొనఁగఁ బాముల వైరిపై
పిల్లి కాపలాయెఁ బిల్లలకును

నిర్వహణ:
ఊహ మంచిది తమ్మీ. పిల్లి కోడిపిల్లల మీద ప్రేమతో కాదు, ముంగిస మీద కోపంతో కాపలా కాసింది. సమస్యను తప్పించుకోకుండా ఎదురుగా నిలబడి పూరించావు. దెబ్బలు మాత్రం రెండు తగిలాయి. మొదటి పాదంలో ‘రా’కు ‘ముం’ యతి కాదు. మూడో పాదం చివర ‘వైరిపై’ ద్రుతాంతం. నేను ముందే చెప్పిన గోతిలోనే పడ్డావు.

నర్సంపేట:
మూడో దెబ్బ నాది. ముంగిస రాత్రి రాదు తమ్మీ. పట్టపగలే వస్తుంది, మనం అన్నం తింటున్నప్పుడే. రాత్రి వచ్చేది పిల్లే.

కాజీపేట (సవరణ):
నేను అపార్ట్‌మెంట్‌లో ఉంటా అక్కా, ముంగిసను యూట్యూబ్‌లోనే చూశా. ఇప్పుడు చూడండి:

ముళ్ల కంప దాటి ముంగిస వచ్చెను
తోక గుబురు జేసి దూకె నపుడు
పాత కక్ష యుండఁ బట్టుకొని తరిమి
పిల్లి కాపలాయెఁ బిల్లలకును

నిర్వహణ:
ఇప్పుడు నిలబడింది. రాత్రి పోయి ముళ్ల కంప వచ్చేసరికి యతితో పాటు పెరడు కూడా కుదిరింది.

పరకాల:
అందరూ పిల్లి చుట్టూ తిరుగుతున్నారు. క్రమాలంకారంలో నా ప్రయత్నం:

ఎలుకఁ బట్టు నెద్ది? యింటికి శునకమ్ము
యేమి యాయె గోడ యెక్కి యఱవ?
చెదలుఁ దవ్వి పెట్ట చేర్చునో యెవరికి?
పిల్లి, కాపలాయెఁ, బిల్లలకును

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. ‘ఎవరికి’ ద్రుతాంతమే కానీ అక్కడ ప్రశ్న ముగిసింది, వాక్యం తెగింది. కాబట్టి ‘బిల్లి’ గొడవ లేదు.

నిర్వహణ:
లెక్కకు లెక్క సరిపోయింది సార్. వంక పెట్టలేను. అయినా మనసులో మాట చెప్తా. అవధానంలో ఇది ఎప్పుడూ చేతిలో ఉండే ఆయుధం. ఏ సమస్య ఇచ్చినా మూడు ముక్కలు చేసి మూడు ప్రశ్నలు వేయొచ్చు. పెరట్లోకి దిగకుండా గోడ మీద నుంచే చూసి రాసినట్టుంది, మా పక్కింటి పిల్లిలాగ. ఒక్క ‘చెదలు’ దగ్గర మాత్రం కిందికి దిగారు. చిన్నప్పుడు పాత కుండలో పేడ, చెత్త కుక్కి నేలకు బోర్లించేవాళ్లం. చెదలు పట్టాక ఆ కుండ ఎత్తితే కోడిపిల్లలకు పండగే.

భూపాలపల్లి:
నేను కొత్త. మొదటి పాదం దగ్గరే ఆగిపోయా. ‘వనరాజా కోడి పొదిగింది పన్నెండు గుడ్లను’. తర్వాత కథ ఉంది. తల్లి కోడి చచ్చిపోతే మా పిల్లే పిల్లలను చూసుకుంది. నిజంగా జరిగింది.

నిర్వహణ:
‘వనరా’ అంటే రెండు లఘువులు, ఒక గురువు. ఆటవెలది మొదట సూర్యగణం కావాలి. అంటే మూడు లఘువులు, లేదంటే గురువు మీద లఘువు. అక్కడే బండి దిగిపోయింది.

మామునూరు:
ఇంకో మాట. వనరాజా రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన రకం. పెరట్లో బాగానే పెరుగుతుంది కానీ పొదగదు. పొదగడానికి నాటుకోడే కావాలి. దాని కింద పది, పన్నెండు గుడ్లు పెడితే 21 రోజులకు పిల్లలు వస్తాయి. మీ తల్లి కోడి నాటుదే అయ్యుంటుంది.

భూపాలపల్లి (సవరణ):
అవును సార్, గుడ్లు వనరాజావి, కోడి నాటుది. మా అమ్మ కూడా అదే చెప్పి నవ్వింది.

పదియు రెండు గుడ్లు పట్టిన గంపలో
నిరువదొక్క రోజు లెదురుచూచి
తల్లి తెగులుఁ జావఁ దన పక్కఁ జోటిచ్చి
పిల్లి కాపలాయెఁ బిల్లలకును

నిర్వహణ:
శభాష్! ‘గంపలో నిరువది’ అని ద్రుతం కలిపి, యతిని అచ్చుల మీద నిలిపావు. ఇ–ఎ మైత్రి. కొత్తవాడివని ఎవరూ అనరు. ఎదురుచూసింది ఎవరన్నది మాత్రం తేలలేదు. కోడా, పిల్లా? ఆ పాదం అన్వయం పిల్లికే పోతోంది. పిల్లి 21 రోజులు గుడ్ల కోసం ఎదురుచూసిందంటే నాకు వేరే అనుమానం వస్తోంది.

మామునూరు:
నాది పద్యం మీద విమర్శ కాదు. తెగులు అంటే కొక్కెర (రాణిఖేత్) తెగులేనా? తెల్లగా పారి, మెడ వంకర తిరిగి చచ్చిందా? అదే అయితే పిల్లలకూ అంటుకుంటుంది. మొదటి వారంలో కంట్లో లసోటా టీకా చుక్క వేయించారా? వేయించకపోతే మిగిలినవాటి గురించి రేపే పశువుల డాక్టర్‌ను అడగండి. పిల్లి కాపలా కొక్కెరకు పనిచేయదు.

భూపాలపల్లి:
పిల్లలకు వేయించాం సార్. తల్లికే ఎప్పుడూ వేయించలేదు.

నర్సంపేట:
నాకు సంధులు అంతగా రావు. మా పెరట్లో చూసింది రాశాను. తప్పులుంటే దిద్దండి.

గద్ద దిగిన వేళ గడ్డిలో దాఁగఁగ
ముళ్ల తీగ యల్లె ముసుఁగు పైన
పెరికి వేయకుండఁ బెరటిలో విడిచిన
పిల్లి కాపలాయెఁ బిల్లలకును

కాజీపేట:
అక్కా, పిల్లిని పెరకడమేంటి?

నర్సంపేట:
పిల్లితీగ తమ్మీ. పిల్లిపీచర అంటాం, మందుల షాపులో శతావరి అంటారు. పాకాల వైపు అడవిలో ఉంటుంది. మా దొడ్డి కంచెకు ఎప్పుడు పట్టిందో తెలియదు. సన్నటి ఆకు, వంపు తిరిగిన ముల్లు. పోయినేడు మా ఆయన కూలి మనిషిని పెట్టి దొడ్డంతా బాగు చేయించాడు. పిల్లితీగ కింద గడ్డి ఒక్కటే మిగిలింది, ముల్లు గుచ్చుకుంటుందని అతను ముట్టుకోలేదు. నున్నటి నేల మీద తిరిగే పిల్లలను గద్ద నాలుగు రోజుల్లో ఆరింటిని ఎత్తుకుపోయింది. ఆ తీగ కిందికి దూరిన అయిదే బతికాయి.

పరకాల:
కథ బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఉత్త ‘పిల్లి’ అంటే తీగ అని అర్థం ఎలా వస్తుంది?

జనగామ:
మల్లె అల్లుకుంది అంటే తీగే అని ఎవరైనా విడమరిచి చెప్తారా సార్?

పరకాల:
మల్లె అనే జంతువు లేదు కదా!

నిర్వహణ:
ఇద్దరి మాటా నిజమే. ‘పిల్లి’ ఒక్కటే ఉంటే పరకాల సార్ పక్షం వహించేవాణ్ణి. కానీ రెండో పాదంలో ‘ముళ్ల తీగ’, మూడో పాదంలో ‘పెరికి’ ఉన్నాయి. నాలుగో పాదానికి వచ్చేసరికి చదివేవాడి చెయ్యి ఆ తీగ మీదే ఉంటుంది. నా లెక్కలో చెల్లుతుంది.

పరకాల:
సరే. అయితే ‘ముసుఁగు పైన’లో పైన ఎందుకు? పాదం నింపడానికే కదా. ‘ముసుఁగు వోలె’ అంటే అందంగా ఉంటుంది.

నర్సంపేట:
వద్దు సార్. పైన అల్లింది కాబట్టే గద్ద దిగలేకపోయింది. ‘వోలె’ అంటే దిగుతుంది.

నిర్వహణ:
పరకాల సార్, ఇక్కడ మీరు ఓడిపోయారు. ఈ వారం మొదటి స్థానం నర్సంపేటకే. భూపాలపల్లి తమ్మీ, నీ రెండో పాదం ఇంకోసారి దిద్ది పంపు.

నేను మాత్రం గునుగు కోసేటప్పుడు గూడు చుట్టూ మూడడుగుల మేర నేల నున్నగా చేయిస్తా, పాముల టెన్షన్ ఉంది. మిగతా పెరడు అలాగే ఉంటుంది.

నర్సంపేట:
పిల్లితీగ గడ్డ ఒకటి పంపాలా సార్? వానలున్నప్పుడే నాటుకోవాలి.