హే ఊరిని నిలబెట్టింది పాత పుస్తకాలా, సాహిత్య ఉత్సవమా?

పాతపుస్తకాలోడు:
మన దగ్గర ఏ చిన్న ఊళ్లో సాహిత్య ఉత్సవం మాటొచ్చినా, "వేల్స్‌లో హే ఆన్ వై చూడండి, రెండు వేల మంది కూడా లేని ఊరు" అని ఎవరో ఒకరు మొదలెడతారు. ఆ ఉదాహరణ సగమే చెప్తున్నారని నా అభ్యంతరం. హే ఫెస్టివల్ పుట్టింది 1988లో. ఊరికి పేరొచ్చింది అంతకు చాలా ముందే. 1960ల మొదట్లో రిచర్డ్ బూత్ అనే ఆయన పాత ఫైర్ స్టేషన్‌లో సెకండ్‌హ్యాండ్ పుస్తకాల షాపు తెరిచాడు. అమెరికా నుంచి కూడా లైబ్రరీలకు లైబ్రరీలే కొని ఓడల్లో తెప్పించాడు. ఆయన్ని చూసి ఇంకొందరు షాపులు పెట్టారు. 1977 ఏప్రిల్ 1న హే స్వతంత్ర రాజ్యమనీ, తానే రాజుననీ ప్రకటించుకున్నాడు. ఏప్రిల్ ఫూల్ వేషమే, కానీ పైసా ఖర్చు లేని పబ్లిసిటీ! అంటే పందిరి వేసేనాటికే జనానికి దారి తెలుసు. మనం ముందు పందిరి వేసి, జనం ఏరీ అని చూస్తున్నాం.

బందరు పాఠకుడు:
బూత్‌ని కాదనను. కానీ పాత పుస్తకాల కోసం వచ్చేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. నార్మన్ ఫ్లోరెన్స్, రోడా లూయిస్, వాళ్లబ్బాయి పీటర్ కలిసి ఉత్సవం మొదలుపెట్టాకే మిగతావాళ్లూ అటు చూశారు. పీటర్ పేకాటలో గెలిచిన డబ్బే పెట్టుబడి అని ఒక కథ, ఎంత నిజమో మరి! 2001లో బిల్ క్లింటన్ వచ్చి దీన్ని 'మనసుల వుడ్‌స్టాక్' అన్నాడు, అమెరికాలో లక్షల మంది చేరిన ఆ పాటల జాతరతో పోల్చి. 2006లో కొలంబియాలోని కార్టహేనాలో, 2010లో మన తిరువనంతపురంలో ఇదే పేరుతో ఉత్సవాలు జరిగాయి. అంత దూరం వెళ్లింది బూత్ షాపు కాదు కదండీ.

చీరాల కోడలు:
పాతపుస్తకాలోడు గారూ, మీ లెక్క ప్రకారం మా పక్కనున్న వేటపాలెం ఈపాటికి హే అయిపోవాలి. అక్కడ సారస్వత నికేతనం లైబ్రరీ 1918 నుంచి ఉంది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పైగా మాకు రైల్వే స్టేషన్ ఉంది. హేకి 1962 ఆఖరులోనే ప్యాసింజర్ రైలు ఆగిపోయింది. పుస్తకాలు ముందుంటే చాలంటే, హే లాంటిది ఇక్కడ ఎందుకు రాలేదు?

పాతపుస్తకాలోడు:
మంచి దెబ్బే కొట్టారమ్మా. కానీ లైబ్రరీ వేరు, బజారు వేరు. పరిశోధకుడు నోట్సు రాసుకుని సాయంత్రం బండెక్కేస్తాడు. షాపులు తిరిగేవాడు సంచి నింపుకుంటాడు, ఆకలేసి తింటాడు, చీకటి పడితే గది అడుగుతాడు. ఊళ్లో నలుగురికి నాలుగు రూపాయలు మిగిలితేనే ఉత్సవానికి ఇల్లిచ్చేవాళ్లు, వంట చేసేవాళ్లు దొరుకుతారు. నేను ముందుండాలన్నది ఈ బజారు, పుస్తకాల బీరువాలు కాదు.

వరంగల్ సీను:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. 2005 నుంచి ఉత్సవం ఊరి మధ్యలో లేదు, శివార్లలో టెంట్ల కిందకి మారింది. అంత పెద్దదయ్యాక టికెట్లతో గడవదు, స్పాన్సర్ కావాలి. 2024లో స్పాన్సర్‌గా ఉన్న బెయిలీ గిఫర్డ్ అనే ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ పెట్టుబడుల మీద గొడవై వక్తలు తప్పుకుంటే, నిర్వాహకులు ఆ స్పాన్సర్‌షిప్పే ఆపేయాల్సి వచ్చింది. పెరగాలని అంత తొందర ఎందుకు? ఒక బడి, రెండు రోజులు, పది మంది రచయితలు చాలు.

బందరు పాఠకుడు:
సీనూ, ఆ బడి కథ వాళ్లదీ అంతే. శివార్లకి మారకముందు హే ప్రైమరీ స్కూల్లోనే జరిపారు. స్థలం చాలకే బయటికొచ్చారు. వద్దంటే ఆగుతుందా?

చీరాల కోడలు:
మాకింకా ఆ టెన్షన్ రాలేదు లెండి. పాతపుస్తకాలోడు గారు బజారు ముందు కావాలన్నారు కాబట్టి అడుగుతున్నా, కోఠి షాపులవాళ్లు సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు వేటపాలెం వచ్చి బల్లలు వేస్తారా? లారీ కిరాయి ఎంతవుతుందో కనుక్కుని చెప్పండి. గదులు చీరాలలో మేం చూస్తాం.